మూడో వంతు శనగలు

భీమశంకరం పేరెత్తితే సియాటిల్ పక్కనున్న బాతెల్‌లో తెలుగువాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత మాట్లాడతారు. మనిషిని చూసి కాదు, ఆయన కొన్న పొలాన్ని తలుచుకుని. రెడ్‌మండ్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి అదే పని. అలాంటి మనిషి సొంత డబ్బు పోసి కొన్నదాంట్లో ఉన్న తప్పును మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యేదాకా పట్టలేకపోయాడు. అయినా పాపం, ఆ తప్పు ఆయన ఒక్కడిదీ కాదు. తెలుగువాడి చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఎక్కడో ఒకచోట నేల కొంటేగాని నిద్రపట్టదు. సముద్రాలు దాటినా ఆ జబ్బు కుదరదు.

2016 వేసవిలో ఆ జబ్బు మొదట రాజ్‌కి తిరగబెట్టింది. రాజ్‌ది విజయవాడ. భీమశంకరం కంపెనీలోనే మేనేజరు, మాటకారి, ఏ పార్టీకెళ్ళినా ప్లేటు పట్టుకుని రియల్ ఎస్టేట్ చెప్పే రకం. వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు కొసన, బాతెల్‌కి అయిదు గంటల దూరంలో, రెడ్‌మండ్‌లో సగం ఇల్లు కూడా రాని డబ్బుకి నూట ఇరవై ఎకరాలు అమ్మకానికున్నాయని ఫోన్‌లో చూపించాడు.

“శంకరం, ఇది చూడు. యూనివర్సిటీ టౌన్‌కి ట్వెంటీ మినిట్స్ డ్రైవ్. ఆ టౌన్ ఎటు గ్రో అవుతుంది? ఇటే గదా. టెన్ ఇయర్స్ ఆగి లేఅవుట్ వేస్తే మన పిల్లలు కూర్చుని తినొచ్చు.”

మూడో మనిషి ధర్మారావు. జహీరాబాద్ వాడు, బాతెల్‌లో మందుల ల్యాబులో పనిచేస్తాడు. అంత తేలిగ్గా దేనికీ తల ఊపడు.

“కూసొని తింటే కొండలైనా కరుగుతయంటరు గని, ఈ కొండ కరిగేటట్టు లేదు,” అన్నాడు ఫోటో చూసి. “చేద్దాం పా.”

ముగ్గురూ కలిసి చిన్న కంపెనీ పెట్టి, దాని పేరు మీద కొన్నారు. మూడు వాటాలు, ఏ నిర్ణయమైనా ఇద్దరు ఒప్పుకుంటే చాలు. కొన్న వారం అందరూ కుటుంబాలతో వెళ్ళారు. భీమశంకరం భార్య ఉమ పసుపు కుంకుమలూ కొబ్బరికాయలూ సర్దింది. తీరా పొలంలో దిగి చూస్తే కొబ్బరికాయ కొట్టడానికి రాయి లేదు. ఎక్కడా లేదు. కనుచూపు మేర అలలు అలలుగా మట్టి గుట్టలు, గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి మట్టి. అరగంట వెతికారు. రాజ్ అయితే బూటు మడమతో కొట్టి చూశాడు.

అటుగా పికప్ ట్రక్కులో వచ్చిన ఒక అమ్మాయి ఆగి, వీళ్ళ అవస్థ కాసేపు చూసి, ట్రక్కు వెనక ఇనప కొక్కెం చూపించింది. దాని మీదే కాయ కొట్టారు. ఆమె కూడా ఒక చెక్క తిని, చెయ్యి తుడుచుకుని చెప్పింది. పేరు టెస్. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఈ పొలాన్ని ముందు వాళ్ళ తాత, తరవాత వాళ్ళ నాన్న, ఇప్పుడు తను కౌలుకి చేస్తోంది. ప్లాట్ల సంగతి రాజ్ ఎత్తేసరికి వింతగా చూసింది. ఇది వ్యవసాయ భూమిగా రాసిపెట్టిన నేల, కావాలంటే ఒక్క ఇల్లు కట్టుకోవచ్చంది. ఎన్ని ఇళ్ళని రాజ్ మళ్ళీ అడిగాడు. ఒక్కటేనని టెస్ మళ్ళీ చెప్పింది.

తిరుగు ప్రయాణంలో అయిదు గంటలూ రాజ్ ఫోన్ జేబులోంచి బయటికి తియ్యలేదు.

ఇంతకీ ఆ కౌలు పద్ధతి ఏమిటంటే, ఆ ప్రాంతంలో పాత ఆచారం. పండినదాంట్లో రెండు వంతులు సాగుచేసినవాళ్ళకి, మూడో వంతు భూమి సొంతదారుకి. డబ్బు కాదు, గింజలే. గోధుమ పండితే గోధుమ, శనగ పండితే శనగ. ఊరి గోదాములో సొంతదారు పేరు మీద జమ పడుతుంది. ధర చూసుకుని ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. టెస్ సగం పొలంలో గోధుమ, సగంలో శనగ వేసేది. పెద్ద తెల్ల శనగలు, ముత్యాల్లా ఉంటాయి. మొదటి ఏడాది ధర ఆకాశంలో ఉంది. చెక్కు చూసి రాజ్, “నేను చెప్పలా,” అన్నాడు. ప్లాట్ల ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడాది కథ అడ్డం తిరిగింది. శనగలు ఎక్కువ తినేది మన దేశం. అక్కడ పంట విరగపండింది. సొంత రైతుకు ధర పడిపోకుండా ఇండియా దిగుమతుల మీద సుంకం వేసింది. కొద్ది నెలల్లోనే దాన్ని అరవై శాతం దాకా పెంచింది. ఇటు చూస్తే, ధర బాగుందని గుట్టల నెత్తిదాకా శనగ చల్లిన వాషింగ్టన్ రైతులు. గోదాములు నిండాయి, ధర సగానికి సగం దిగింది. అది చాలదన్నట్టు రెండు ప్రభుత్వాలకీ ఇనుము దగ్గర తగాదా వచ్చింది. అమెరికా మన ఇనుము మీద పన్ను వేస్తే, 2019లో మనవాళ్ళు అమెరికా బాదం మీదా, ఆపిల్ మీదా, పప్పుల మీదా, శనగల మీదా అదనంగా వేశారు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగాయన్నట్టు, ఇనుము వ్యాపారం మొహం ఎన్నడూ చూడని టెస్ మీద వచ్చి పడింది.

ఆ గొడవలో మన ముగ్గురికీ రెండేళ్ళ వాటా కింద ఇరవై నాలుగు టన్నుల శనగలు గోదాములో ఉండిపోయాయి. కొనేవాడు లేడు, నిలవ అద్దె మాత్రం నెలనెలా వస్తోంది. భీమశంకరం అటు వెళ్ళినప్పుడల్లా కారు నిండా బస్తాలు వేసుకొచ్చేవాడు. ఉమ గుగ్గిళ్ళు చేసింది, వడలు చేసింది, కూర చేసింది, పిండి పట్టించింది. వచ్చినవాళ్ళకల్లా సంచులు కట్టిచ్చింది. వ్రతానికి పనికొస్తాయేమో అని అడిగితే, పేరంటాళ్ళు మొహమాటంగా నవ్వి, వాయనంలోకి చిన్న నల్ల శనగలే కావాలన్నారు.

“ఏవండీ, రష్మి వాళ్ళు నన్ను చూసి గుడి పార్కింగ్‌లో కారు దిగకుండా కూర్చున్నారు,” అంది ఉమ ఒకరోజు. “శనగలు ఇస్తానని భయం.”

పద్నాలుగేళ్ళ కూతురు నైనికది మరో గోల. “నాన్నా, నా లంచ్ బాక్స్‌లో ఎవ్రీ డే శనగలు పెట్టొద్దు ప్లీజ్. ఫ్రెండ్స్ నన్ను హమ్మస్ అంటున్నారు.” అక్కడివాళ్ళు రొట్టెకి రాసుకుని తినే శనగముద్ద అది.

నవ్వులాటకి అంతా బాగానే ఉంది. ఆ ఏడు నవంబరులో కౌలు కాగితం గడువు ముగియవచ్చింది. నాలుగేళ్ళకి కొత్తది రాయాలి. రాజ్ ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. రాజ్ ముందే కాగితాలు తయారుచేసి ఉంచాడు.

“ఈ థర్డ్ షేర్ గోల మనకెందుకు? మనం ఫార్మర్స్‌మా? ఎకరానికి ఇంత అని క్యాష్ రెంట్ ఫిక్స్ చేద్దాం. పంట పండినా ఎండినా, ఇండియా డ్యూటీ వేసినా తీసినా, ఫస్ట్‌కల్లా మన డబ్బు మనకి పడాలి. మన ఊళ్ళో మక్తా లేదూ? అదే.”

మక్తా అంటే తెలిసిందే, కట్టుబడి కౌలు. నష్టమొచ్చినా సొంతదారు రూపాయి వదలడు. ధర్మారావు కాసేపు గడ్డం గోక్కుని, “మక్తానే మంచిదేమో మరి,” అన్నాడు. భీమశంకరం మామూలుగానే నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరు సరేనన్నాక మూడోవాడి మాటతో పనిలేదు కూడా. కాగితాలు కవరులో పెట్టి ఆయన చేతికే ఇచ్చాడు రాజ్. “నీతో అయితే ఆ అమ్మాయి బాగా మాట్లాడుతుంది. నువ్వే వెళ్ళి సంతకం పెట్టించుకురా.”

శనివారం పొద్దున్నే బయలుదేరాడు. కనుమ దగ్గర సన్నగా మంచు పడుతోంది. కొలంబియా నది వంతెన దాటాక చెట్లు లేవు, ఎండ మాత్రం ఉంది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు ఇంగ్లీషులో వల్లె వేసుకుంటూనే ఉన్నాడు.

టెస్ షెడ్డులో విత్తనాలు వేసే యంత్రం విప్పుకుని కూర్చుంది. ఈయన్ని చూసి చేతులు తుడుచుకుని, మూలనున్న బల్ల దగ్గర కుర్చీ లాగింది. స్టవ్ మీద సూపు ఉందని గిన్నెలో పోసిచ్చింది. అందులోనూ శనగలే. ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. కోటు జేబులోంచి కవరు అంచు కనిపిస్తోంది. టెస్ దాన్ని చూడనే చూసింది.

“మా నాన్న చెప్పేవాడు,” అంది టెస్. “సొంతదారు కవరుతో వస్తే పెన్ను వెతుక్కోమని. క్యాష్ రెంటా?”

భీమశంకరం తల ఊపాడు.

“ఎంతో చెప్పక్కర్లేదు. ఈ ఏడు ధరలకి ఎంతయినా నేను ఇవ్వలేను. చుట్టుపక్కల పెద్ద కంపెనీవాళ్ళు ఇస్తారు, వాళ్ళకి ఇరవై వేల ఎకరాలున్నాయి. నీ మీద నాకు కోపం లేదు, శంకర్. భూమి మీది.” బల్ల మీద ఉన్న బోల్టును అటూ ఇటూ తిప్పింది. “ఇది పోతే నా చేతిలో మిగిలే పొలంతో ఈ యంత్రాల ఖర్చు రాదు. వసంతంలో వేలం వేసేస్తాను. అంతే.”

ఏడవలేదు, బతిమాలలేదు. ఇంకో గరిటె సూపు కావాలా అని అడిగింది. అదే భీమశంకరాన్ని చంపింది.

ఎందుకంటే ఆ కూర్చోబెట్టడం, ఆ మర్యాద ఆయనకి కొత్తవి కావు. వాళ్ళ నాన్న పర్చూరు దగ్గర ఎనిమిదెకరాల కౌలు రైతు. మక్తాకే చేసేవాడు. పొద్దుతిరుగుడు వేసేవాడు. తొంభైల చివర్లో నూనెల దిగుమతికి తలుపులు బార్లా తీశారు. ఓడల్లో పామాయిల్ దిగింది, చవగ్గా దొరికింది, పట్నంలో అందరూ సంతోషించారు. పొద్దుతిరుగుడు గింజలు అడిగే నాథుడు లేకపోయాడు. అప్పుడు భీమశంకరం హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాడు. సెలవుకి వచ్చిన రోజే భూమి ఆసామి కౌలు కోసం ఇంటికొచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. మంచం మీద కూర్చున్నాడు, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు, పిల్లవాడి చదువు అడిగాడు, అనుకున్న కౌలు అనుకున్నంతా తీసుకుని వెళ్ళాడు. అది కట్టడానికి నాన్న ఆ ఉదయమే ఎడ్లను అమ్మాడు. మళ్ళీ నాగలి పట్టలేదు. చీరాలలో ఒక గోడౌనుకి కాపలా పనిలో కుదిరాడు. ఎప్పుడైనా ఆ మాటొస్తే, “ఓడ మీద నాకేం కోపం రా? ధర పడ్డప్పుడు పక్కన నిలబడే మనిషి లేకపోయాడు, అంతే,” అనేవాడు.

ఇరవై ఏళ్ళకి తను అదే ఆసామిలా వచ్చి కూర్చున్నాడు. కాకపోతే మజ్జిగ బదులు సూపు. భీమశంకరానికి ఒళ్ళంతా సిగ్గేసింది. అంత సిగ్గు ఆయన జన్మలో పడలేదు. కవరు బయటికి తియ్యలేదు.

“వారం టైమివ్వు,” అన్నాడు. “ఆ యంత్రం అమ్మకు.”

మాటైతే ఇచ్చాడుగానీ, చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఓటు. ఇంటికొచ్చి ఉమకి చెప్పాడు. ఉమ అన్నం వడ్డిస్తూ అంతా విని, “రాజ్ గారు ఎలాగూ వినరు. ధర్మారావు గారిని అడగండి,” అంది. “మీరు మనసులో అనుకుంటే సరిపోదు, నోరు తెరవాలి.”

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ రాజ్ ఇల్లు. కవరు తెరవకుండానే బల్ల మీద పెట్టాడు భీమశంకరం.

“సైన్ చెయ్యలేదా?” అన్నాడు రాజ్.

“నేనే అడగలేదు. దీంట్లో బగ్ ఉంది.”

రాజ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. “ఎక్కడ? లాయర్‌కి చూపించానే.”

“కాగితంలో కాదు, పద్ధతిలో. ధర పడితే లాస్ మొత్తం ఒక్క మనిషి మీద పడేట్టు డిజైన్ చేశాం. ఆ మనిషి కూలిపోతే మొత్తం కూలిపోతుంది. డ్యూటీ వేసింది ఆ అమ్మాయి కాదు, తియ్యగలిగేదీ ఆ అమ్మాయి కాదు. మనం ముగ్గురం జీతాలు తెచ్చుకునేవాళ్ళం. మూడో వంతు దెబ్బ మనం తింటే మన పొయ్యి ఆరిపోదు. షేర్ అలాగే ఉంచుదాం.” ఊపిరి తీసుకుని, వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. ఎడ్లను అమ్మిన సంగతి ఆ దేశంలో ఉమకి తప్ప ఎవరికీ చెప్పలేదు అంతవరకూ.

రాజ్ మంచివాడే, విన్నంతసేపూ తల దించుకునే ఉన్నాడు. “నాకు అర్థమైంది శంకరం. బట్, సెంటిమెంట్ వేరు, ఇన్వెస్ట్‌మెంట్ వేరు. ఆవిడ కాకపోతే ఇంకొకరు చేస్తారు. ఐ యామ్ సారీ.”

ఇద్దరూ ధర్మారావు వైపు చూశారు. ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు.

“మా తమ్ముడు గూడ శనగలే ఏస్తడు,” అన్నాడు. “నల్లరేగడి, పదెకరాలు. ఇండియా సుంకం పెట్టిందని తెలిసిన్నాడు ఫోన్ చేసి మస్తు ఖుషీ అయిండు. ధర నిలబడ్డది, బిడ్డ ఫీజు కట్టిండు. నేను గూడ ఖుషీ అయిన. ఈడ మన చెక్కు సగమైనంక తెల్సింది, ఆ ఖుషీ, ఈ ఏడుపు ఒక్క దగ్గరికెళ్ళే వచ్చినయని.” కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. “ఆ సుంకం గేటు తీస్తే మా తమ్ముడికి దెబ్బ. మూస్తే ఈ పోరికి దెబ్బ. గేటు మన చేతిల లేదు గదా, రాజ్. షేర్ ఒక్కటే మన చేతిల ఉన్నది. ఉండనియ్.”

రాజ్ కవరు తీసుకుని రెండుగా చింపాడు. “ఓకే. టూ టు వన్. కానీ ఆ ఇరవై నాలుగు టన్నులు ఎవరు తింటారో అది కూడా మీరే చెప్పండి,” అన్నాడు.

భీమశంకరం అప్పటికప్పుడే టెస్‌కి ఫోన్ చేశాడు. వాటా అలాగే ఉంటుందని చెబితే, అయితే విప్పిన యంత్రం మళ్ళీ బిగించుకుంటానంది.

అక్కణ్ణించి అంతా పూలబాట అయిపోయిందని చెప్తే అబద్ధం. ఆ శనగలు సగానికి సగం ధరకే పోయాయి, మూడో వంతు దెబ్బ ముగ్గురూ తిన్నారు. అయితే ఓడల మీద నమ్మకం పెట్టుకోవడం టెస్ మానేసింది. సగం గోధుమ, సగం శనగ అనే లెక్క తీసేసి నాలుగు రకాలు వేసింది. గోధుమ, ఎర్రపప్పు, పెద్ద శనగ కొంచెం కొంచెం. మిగిలిన ఎనిమిదెకరాల గుట్ట మీద భీమశంకరం పట్టుబట్టి చిన్న నల్ల శనగ వేయించాడు. విత్తనం కోసం యూనివర్సిటీవాళ్ళ చుట్టూ నాలుగు నెలలు తిరిగాడు. మొదటి పంట సగం గింజ గట్టిబడి, నానబెడితే నానలేదు. బాతెల్ ఆడవాళ్ళు ఆయన్ని పండగపూట ఫోన్‌లోనే దులిపేశారు. రెండో ఏడు కోత వారం ముందుకి జరిపారు, అప్పుడు కుదిరింది.

ఈ మధ్యలో కరోనా వచ్చింది. ఇళ్ళలో కూర్చున్న జనం పప్పులూ శనగలూ వెతుక్కుని మరీ కొన్నారు. సియాటిల్ దగ్గర శనగముద్ద చేసే చిన్న కార్ఖానావాళ్ళు ముగ్గురి వాటా ఏటా తీసుకోవడానికి ఒప్పుకున్నారు. శ్రావణమాసం వస్తోందంటే నల్ల శనగల కోసం రెడ్‌మండ్ నుంచీ బాతెల్ నుంచీ ఆడవాళ్ళు భీమశంకరం గరాజ్ ముందు కార్లు ఆపేవాళ్ళు. ఒకప్పుడు పార్కింగ్‌లో దాక్కున్న రష్మి రెండు కిలోలు ఎక్కువ ఇమ్మని పోట్లాడింది. పిల్లలకి ఆయన శనగల అంకుల్ అయిపోయాడు. దీన్ని వ్యాపారం అనుకునేరు, కారుకి పోసిన పెట్రోలు డబ్బులు వచ్చేవి, అంతే. టెస్ మాత్రం ఏ యంత్రమూ అమ్మలేదు. రెండో ఏడు ఇంకొకటి కొంది.

2023 సెప్టెంబరులో, మనవాళ్ళు అమెరికా శనగల మీదా పప్పుల మీదా వేసిన అదనపు సుంకం ఎత్తేశారు. అసలు సుంకం కొంత ఉండనే ఉంది, అయినా అడిగేవాళ్ళు పెరిగారు, ఎర్రపప్పు ధర లేచింది. ఆ వార్త వచ్చిన పూట భీమశంకరం ముందు ధర్మారావుకి ఫోన్ చేశాడు. వాళ్ళ తమ్ముడి పరిస్థితి ఏమిటని.

“అడిగిన అన్నా. పరేషాన్ అయితుండు గని, ఈసారి వాడు గూడ తెలివికొచ్చిండు. సగం జొన్న ఏసిండు,” అన్నాడు ధర్మారావు. “బతుకుతడు.”

నవంబరు వచ్చేసరికి కౌలు కాగితం గడువు మళ్ళీ ముగిసింది. ఇప్పుడు లెక్క తలకిందులైంది. ధరలు లేస్తుంటే మూడో వంతు గింజలు సొంతదారుకి లాభం. కట్టుబడి డబ్బయితే సాగుచేసినవాళ్ళకి లాభం. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది రాజ్. “షేర్ మోడలే బెస్ట్, నేను మొదట్నుంచీ అదే చెప్తున్నా కదా,” అన్నాడు తడుముకోకుండా. ధర్మారావు పొట్టపట్టుకుని నవ్వాడు.

భీమశంకరానికి మాత్రం అది మింగుడుపడలేదు. ధర పడ్డప్పుడు పక్కనుండి, లేచాక వాటా పేరుతో ఆమె చెయ్యి కట్టేస్తే, పక్కనున్నందుకు వడ్డీ గుంజినట్టే అవుతుంది. ధర్మారావుతో మాట్లాడి రెండు రకాల కాగితాలూ రాయించాడు, ఒకటి వాటాకి, ఒకటి కట్టుబడికి. ఏది కావాలో టెస్‌నే ఎంచుకోమందాం అన్నాడు. రాజ్ నిట్టూర్చి సంతకం పెట్టాడు.

ఈసారి ఉమా నైనికా కూడా వచ్చారు. నైనిక కాలేజీకి ఆ యూనివర్సిటీ టౌన్‌కే అప్లై చేసింది, ఊరు చూస్తానంది. వాళ్ళిద్దరూ గుట్టమీదికి ఫోటోలు తీసుకోవడానికి వెళ్ళారు. షెడ్డులో అదే బల్ల దగ్గర భీమశంకరం రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాడు.

“మొహమాటం వద్దు,” అన్నాడు. “లెక్క నేను వేశాను. ఈ ధరలకి క్యాష్ రెంటే నీకు మంచిది. చాలా తేడా వస్తుంది. దానిమీద సంతకం పెడితే ముగ్గురం ఒప్పుకుంటాం. నీకిది రావాల్సిందే.”

టెస్ రెండూ తీరిగ్గా చదివింది. పెన్సిల్ తీసుకుని కాగితం అంచున తనూ లెక్క వేసింది. ఆయన చెప్పిన అంకే వచ్చింది. దాని కింద గీత గీసింది.

“నిజమే, చాలా తేడా ఉంది,” అంది.

“చెప్పాను కదా.”

“శంకర్, ఆ సుంకం గేటు మళ్ళీ ఎప్పుడో మూస్తారు. ఎవరు, ఎందుకు మూస్తారో తెలీదు, దేనిమీదో పోట్లాడుకుంటారు, మూస్తారు. ఆ రోజు ఈ బల్ల దగ్గర నేనొక్కదాన్నే కూర్చోవడం నాకిష్టం లేదు.” కట్టుబడి కాగితాన్ని మడిచి పొయ్యిలో వేసి, వాటా కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. “మంచి ఏళ్ళల్లో నీ మూడో వంతు నువ్వు తీసుకో. చెడ్డ ఏడు నువ్వు వస్తావని నాకు తెలుసు.”

తన సంతకం పెట్టి, పెన్ను ఆయనకిచ్చింది. భీమశంకరం కాగితం మీదికి వంగాడు. ఎక్కడ పెట్టాలో కనిపించలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నా గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. టెస్ గ్రీజు అంటిన చూపుడువేలు కాగితం మీద పెట్టి, సంతకం చెయ్యాల్సిన చోటు చూపించింది.